పైరు నిలిచి ఉండగానే రెండో విత్తనం

(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెడుతున్నాను. రెండింట్లోనూ మామూలు నీళ్లే. మూతి దగ్గర ఇనుప జాలీ ముక్క వంచి పెట్టాను, నీళ్లలో కాస్త మునిగేలా. ఇవిగో రెండు మట్టిపెళ్లలు, ఒక్కోటి నిమ్మకాయంత. రెండూ నా పొలంలోవే. ఒకే రకం నేల, మధ్య దూరం నలభై అడుగులు కూడా ఉండదు. వారం రోజులు నీడలో ఆరబెట్టి తెచ్చాను. ఒకటి ఏటా దున్ని, పంట కోశాక ఉత్తగా వదిలేసే మడిలోది. రెండోది మూడేళ్లుగా నిలువు పైరులో కవర్ పంట, అంటే గింజ కోసం కాక నేలను కప్పి కాపాడటానికి వేసే పంట, విత్తుతున్న మడిలోది. ఏది ఏదో ఇప్పుడు చెప్పను. ఇదిగో, రెండూ జాలీ మీద పెట్టేశాను. నా మాట వింటూ ఉండండి, కళ్లు మాత్రం గ్లాసుల మీదే ఉంచండి.

మొక్కజొన్ననే తీసుకుందాం. సాలుకీ సాలుకీ రెండడుగుల ఎడం. విత్తిన నెల దాకా ఆ రెండడుగుల్లో మన పైరుకు అందే ఎండ కొంచెమే. మిగతాదంతా ఉత్త నేల మీదే పడుతుంది. పత్తిలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే సాళ్లూ వెడల్పు, మొక్క ఎదుగుదలా మొదట్లో నెమ్మదే. ఇక పంట కోశాక మళ్లీ విత్తేదాకా నెలల తరబడి నేల ఒంటి మీద గుడ్డ ఉండదు. నడివేసవి మధ్యాహ్నం ఉత్త నేల పైపొర 50 డిగ్రీలు దాటుతుంది. అరికాలు ఆనదు. అందులో ఉండే జీవం సంగతి ఆలోచించండి.

వాన పడితే మరో దెబ్బ. పెద్ద చినుకు నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 9 మీటర్ల దాకా ఉంటుంది, అంటే గంటకు 30 కిలోమీటర్ల పైమాటే. ఆకు అడ్డం ఉంటే అది తుంపరై కిందికి జారుతుంది. అడ్డం లేకపోతే నేరుగా మట్టి గుళిక మీద పడి దాన్ని చితక్కొడుతుంది. చితికిన సన్నమట్టి రంధ్రాల్లోకి దిగి పూడ్చేస్తుంది. రెండు రోజులు ఎండ కాస్తే పైన చెక్కు కడుతుంది. ఆ తర్వాత వచ్చిన వాన ఇంకదు, పై మట్టిని ఎత్తుకుని గట్టు దాటిపోతుంది. ఎర్రగా పారే ఆ నీళ్లను చూసి వాన బాగా పడిందని సంబరపడే వాళ్లను చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. పోయేది నీళ్లు మాత్రమే కాదు కదా.

పైన కప్పు సంగతి అది. లోపల వేరు సంగతి అంతకన్నా పెద్దది. వేరంటే నీళ్లు పీల్చే గొట్టం అనుకుంటాం. ఆకు ఎండలో తయారుచేసిన ఆహారంలో ఐదో వంతు దాకా వేరు మట్టిలోకి వదిలేస్తుంది, చక్కెరలుగా, ఆమ్లాలుగా. అది వృథా కాదు, పెట్టుబడి. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు బదులుగా భాస్వరం, జింకు లాంటి వాటిని కరిగించి వేరుకు అందిస్తాయి. వేరును అంటిపెట్టుకుని ఉండే ఆ సన్నటి మట్టి పొరకు లోరెంజ్ హిల్ట్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1904లో రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. ఆ జీవులు ఊర్చే జిగురు, శిలీంధ్రాల సన్నని దారాలు, ఇవన్నీ కలిసే మట్టి రేణువులను గుళికలుగా పట్టి ఉంచుతాయి. బతికున్న వేరు లేకపోతే వాటికి వేసేవాళ్లు లేరు, పెట్టేవాళ్లు లేరు. ఏడాదిలో ఆరేడు నెలలు పస్తు పెట్టి, మిగతా నెలల్లో ఎరువు బస్తా దింపితే నేల కోలుకుంటుందా?

"పంట కోశాక పచ్చిరొట్ట చల్లుకోవచ్చు కదా, పైరు మధ్యలో ఎందుకీ తిప్పలు" అని నన్ను చాలామంది అడుగుతారు. చల్లుకోవచ్చు, తేమ ఉంటే. చాలా చోట్ల పంట ఇంటికొచ్చేసరికి వానలు వెళ్లిపోతాయి. చలి ప్రాంతాల్లో అయితే మంచు ముంచుకొస్తుంది. విత్తనం మొలిచే పదును అప్పటికి ఉండదు. అదే పైరు నిలిచి ఉండగానే విత్తితే, మొలక ఆ పైరుకు పడిన వానతోనే లేస్తుంది. కోత నాటికి దానికి రెండు నెలల వయసుంటుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు తడి నేల మీద మినుమో పెసరో చల్లే వాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే. అక్కడ గింజ కోసం చల్లుతాం. ఇక్కడ నేల కోసం విత్తుతున్నాం. దీని నుంచి గింజ రావాలని ఆశ పెట్టుకుంటే కోయాల్సినప్పుడు కోయలేం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ పనిలో విత్తనం ఎంపిక, పనిముట్లు, అన్నీ తర్వాతే. ముందు అదను. అదను దొరికితే సాదా విత్తనం కూడా నిలబడుతుంది. తప్పితే ఎంత ఖరీదైన విత్తనమైనా మట్టిపాలే.

నేను మొదటి ఏడాది మొక్కజొన్నకు యాభై రోజులు దాటాక అలసంద విత్తాను. పైరు నడుములోతు దాటి ఉంది, కాబట్టి దానికి పోటీ ఉండదని నా లెక్క. మొలక బాగానే వచ్చింది. వారం తిరిగేసరికి మొక్కలు దారాల్లా సాగాయి. ఆకులు తెల్లబారాయి. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే పైన ఆకాశం కనబడటం లేదు, అంతా మొక్కజొన్న ఆకే. కమ్ముకున్న మొక్కజొన్న పైనుంచి వచ్చే వెలుతురులో పదింట తొమ్మిది వంతులు తానే పట్టేసుకుంటుంది. కింద ఉన్న పసిమొక్క విత్తనంలోని నిల్వ అయిపోయేదాకా బతికి, ఆ తర్వాత చచ్చిపోయింది. మూడో వారానికి ఒక్కటీ లేదు. మరుసటి ఏడు భయపడి పదో రోజునే జనుము వేశాను. జనుము పైరును దాటి పెరిగింది. కండెలు చిన్నబోయాయి.

ఈ రెంటికీ మధ్య ఉంది అదను. మొక్కజొన్నలో నాలుగు నుంచి ఆరు ఆకుల దశ. ఆకులు లెక్కపెట్టడంలోనే చాలామంది పొరబడతారు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. ఆకు కాండాన్ని చుట్టుకున్న చోట లేత రంగు పట్టీ ఒకటి కనబడుతుంది. ఆ పట్టీ బయటపడిన ఆకునే లెక్కలోకి తీసుకోవాలి. సుడిలో ఇంకా చుట్టుకుని ఉన్నవి లెక్కలోకి రావు. అడుగున గుండ్రటి కొసతో ఉండే మొట్టమొదటి చిన్న ఆకును మాత్రం తప్పక లెక్కపెట్టాలి. వెచ్చటి వాతావరణంలో ఈ దశ విత్తిన మూడు, నాలుగు వారాలకు వస్తుంది. చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. అందుకే రోజులు కాదు, ఆకులు లెక్కపెట్టమంటాను.

ఎందుకు ఆ దశే? పైరుతో పాటు పుట్టిన కలుపు చేసినంత నష్టం, పైరు నిలదొక్కుకున్నాక పుట్టిన కలుపు చేయదు. ఇది కలుపు తీసే ప్రతి మనిషికీ తెలుసు. దాని వెనక ఒక ముచ్చటైన సంగతి ఉంది. పచ్చటి ఆకు ఎర్ర వెలుగును మింగేసి, దాని పక్కనే ఉండే, మన కంటికి ఆనీ ఆనని ముదురెరుపు వెలుగును తిరగ్గొడుతుంది. చిన్న మొక్కజొన్న మొక్క పక్కనుంచి తనకు తగిలే వెలుగులో ఆ తేడాను పసిగట్టి, పోటీదారు ఉన్నాడని తెలుసుకుంటుంది. ఇంకా నీడ పడకముందే తెలుసుకుంటుంది! అప్పుడు వేరు తగ్గించి కాండం సాగదీస్తుంది. ఆ గాభరా మొదటి వారాల్లోనే కలిగితే దాని ప్రభావం చివరిదాకా ఉంటుంది. కాబట్టి మొదటి మూడు వారాలు సాళ్ల మధ్య శుభ్రంగా ఉంచాలి, కలుపు తీయాలి, గుంటక తోలాలి. ఆ గుంటక వెనకే కవర్ పంట విత్తనం. ఇంతే కిటుకు. ఆఖరి గుంటకతో పాటు విత్తితే మళ్లీ సాలు తొక్కే పనే ఉండదు.

ఇంకో మాట చెప్పాలి, ఇక్కడే చాలామంది మనసు విరిగిపోతుంది. అదనులో విత్తినా కూడా పైరు కమ్ముకున్నాక కవర్ పంట ఎదుగుదల ఆగిపోతుంది. జానెడు ఎత్తున, నాలుగైదు ఆకులతో నెల, నెలన్నర అలాగే ఉంటుంది. అయ్యో పోయిందనిపిస్తుంది. పోలేదు. వేరు దిగి ఉంది కాబట్టి తక్కువ వెలుతురుతోనే ప్రాణం నిలుపుకుంటుంది. కండె ముదిరి కింది ఆకులు ఎండటం మొదలవగానే వెలుతురు దిగుతుంది, అప్పుడు లేస్తుంది. కోత అయిన పదిహేను రోజులకు మడిని చూస్తే మధ్యలో మీరు చూసిన మొక్కలు ఇవేనా అనిపిస్తుంది.

(సభలో ఒక పెద్దాయన: "గ్లాసు చూడు బాబూ, ఎడమ పక్కది కరిగిపోతోంది.")

చూశాను బాబాయ్. అలాగే ఉండనీయండి, వస్తాను దాని దగ్గరికి.

ఏం విత్తాలి అనేదానికి అందరికీ పనికొచ్చే ఒక్క జవాబు లేదు. వెచ్చటి నేలల్లో సాళ్ల మధ్య పొట్టిగా పాకేవి నాకు నచ్చుతాయి, అలసంద, పిల్లిపెసర, పెసర. జనుము మంచిదే, బాగా రొట్ట ఇస్తుంది, కానీ పొడుగ్గా ఎగబాకుతుంది. దాన్ని కోత దగ్గర పడ్డాక చల్లుకోవడం మేలు. చల్లటి ప్రాంతాల్లో రై గడ్డి, పప్పుజాతివైన క్లోవర్, వెచ్ వాడతారు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు మొక్కజొన్న సాళ్ల మధ్యలో ఒకేసారి మూడు వరుసలు వేసే గొర్రు ఒకటి తయారుచేసి ఈ పద్ధతిని చాలామంది రైతుల దగ్గరికి తీసుకెళ్లారు. అంత యంత్రం లేకపోయినా పని ఆగదు. చేత్తో చల్లి పైపైన గుంటక తోలినా చాలు. కాకపోతే చల్లితే విత్తనం ఎక్కువ పడుతుంది, మట్టి కప్పని గింజ సగం పిట్టల పాలవుతుంది. అలసంద గింజ రెండంగుళాల లోపు లోతున పడాలి. క్లోవర్ లాంటి నలుసంత గింజ అరంగుళం దాటితే పైకి రాలేదు. రెండింటినీ కలిపి ఒకే లోతున వేసి, ఒకటి మొలవలేదని విత్తనాల మీద నెపం వేయడం తప్పు. పైరు మొదళ్లకు జానెడు దూరం వదిలి వేయండి.

పప్పుజాతిదా, గడ్డిజాతిదా అన్న ప్రశ్నలో ఒక లెక్క ఉంది. మట్టిలోని సూక్ష్మజీవుల తిండిలో ఒక పాలు నత్రజనికి 24 పాళ్లు కర్బనం ఉంటే వాటికి సరిగ్గా సరిపోతుంది. లేత పప్పుజాతి రొట్టలో ఈ నిష్పత్తి 20 కన్నా తక్కువ, అందుకే అది ఇట్టే కుళ్లి నత్రజని వదులుతుంది. మొక్కజొన్న చొప్పలో 57 దాకా ఉంటుంది, ముదిరి ఎండిన రై చొప్పలో 80 దాకా. ముదురు గడ్డి ఒక్కటే నేలలో కలిపితే దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినే లాక్కుంటాయి. తర్వాతి పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. అలాగని గడ్డి వద్దనను. దాని వేరు అల్లిక మట్టిని పట్టి ఉంచినట్టు పప్పుజాతి వేరు పట్టదు. చొప్ప పొలంలోనే వదిలే వాళ్లు పప్పుజాతి వైపు మొగ్గండి, మిగతా వాళ్లు రెండూ కలపండి. ఆవజాతి, ముల్లంగి జాతి మొక్కలు కూడా కొందరు కలుపుతారు. అవి గట్టి నేలను చీలుస్తాయి. కానీ వేళ్లతో కలిసి బతుకుతూ పైరుకు మేలు చేసే మైకోరైజా శిలీంధ్రం వాటి వేళ్ల మీద బతకదు, కాబట్టి అవి ఒక్కటే వేయకండి.

నులిపురుగు ఉన్న పొలాల వాళ్లు జాగ్రత్త. వేళ్ల మీద ముడులు కట్టే నులిపురుగుకు చాలా అలసంద రకాలు ఇష్టమైన తిండి. అక్కడ జనుము వేయండి, దాని మీద ఆ పురుగు సరిగా పెరగదు. మినుము పైరులో పెసర వేయడం కూడా తెలివైన పని కాదు, పల్లాకు తెగులు రెండింటిదీ ఒకటే.

(సభలో ఒకరు: "పప్పుజాతి వేస్తే ఆ ఏటికే పైరుకు నత్రజని వస్తుందా? యూరియా తగ్గించేయొచ్చా?")

మంచి ప్రశ్న. లేదమ్మా, ఆ ఏడు తగ్గించకండి. పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని బుడిపెల ద్వారా పట్టుకుంటుందని 1886లో హెల్రీగెల్ అనే శాస్త్రవేత్త బెర్లిన్‌లో శాస్త్రజ్ఞుల సభలో చెప్పాడు. అంతవరకు అది పెద్ద చిక్కుముడి. కానీ ఆ నత్రజని ముందు ఆ మొక్క ఒంట్లోకే పోతుంది. పక్క మొక్కకు బతికుండగా ఇచ్చేది చాలా స్వల్పం. అది కోతపడి, ఆకు, వేరు కుళ్లాక తర్వాతి పైరుకు అందుతుంది. అంటే మీరు ఈ ఏడు విత్తేది వచ్చే పంటకు. ఆ బుడిపెలు పని చేస్తున్నాయో లేదో చూసుకోవడం తేలిక. విత్తిన ఐదారు వారాలకు ఒక మొక్కను పారతో మట్టితో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా కడగండి. చేత్తో పీకితే బుడిపెలన్నీ మట్టిలోనే రాలిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపు, మన రక్తం రంగు కనబడితే అది పనిలో ఉన్నట్టే. ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థమే. లోపల తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే అది ఉత్త బుడిపె. అలా ఉంటే వచ్చేసారి విత్తనానికి రైజోబియం, అంటే ఆ బుడిపెల్లో ఉండి నత్రజనిని పట్టే బాక్టీరియా, పట్టించండి, ఒక ఎకరం విత్తనానికి 200 గ్రాముల పొడి, బెల్లమో పంచదారో కలిపిన నీళ్లతో తడిపి, నీడలో ఆరబెట్టి. అలసంద, పెసర, జనుము ఒక కూటమి. క్లోవర్‌ది వేరే బాక్టీరియా. ఒకదాని పొడి ఇంకోదానికి పనికిరాదు.

మూడో ఏడాది నాకు జరిగింది చెప్పకపోతే ఈ మాటలు సగమే. అదను చూసుకున్నాను, వాన ముందు విత్తాను, మొలక పచ్చగా వచ్చింది. కానీ మడి చివరల్లో, స్ప్రేయర్ మలుపు తిరిగే చోట, అడ్డంగా పట్టీలు పట్టీలుగా ఏమీ లేదు. మొలిచినవి కూడా ఆకు అంచుల నుంచి మాడిపోయాయి. మొక్కజొన్న విత్తిన వెంటనే అట్రజిన్ అనే కలుపు మందు కొట్టాం. మలుపుల దగ్గర మందు రెండుసార్లు పడింది. మిగతా మడిలో అది అలసంద తట్టుకునేంత తగ్గింది, అక్కడ తగ్గలేదు. కలుపు మందు కలుపును మాత్రమే చంపుతుందని మనం అనుకుంటాం గానీ, మీరు ప్రేమగా విత్తిన అలసంద కూడా దానికి వెడల్పాకు కలుపే. అప్పటి నుంచి నేను ఒక పని తప్పకుండా చేస్తున్నాను. విత్తడానికి మూడు వారాల ముందు మందు కొట్టిన మడిలోంచి కాస్త మట్టి, ఎన్నడూ మందు పడని గట్టు పక్కనుంచి కాస్త మట్టి రెండు కుండీల్లో నింపి, రెండింట్లోనూ విత్తబోయే గింజలు పదేసి పెడతాను. రెండూ ఒకలాగే పెరిగితే ధైర్యంగా విత్తుతాను. తేడా కనబడితే ఆ ఏడు ఆగుతాను. మొలవడం చూసి తృప్తిపడకండి, మూడో ఆకు వచ్చేదాకా చూడండి. ఈ మందు దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది.

నీళ్ల గురించి దాచకుండా చెప్పాలి. కవర్ పంట కూడా నీళ్లు తాగుతుంది. తేమ బొటాబొటిగా ఉండే చోట, వానలు ముందే తేలిపోయిన ఏడు, దాన్ని ముదరనివ్వడం తర్వాతి పైరు నీళ్లను ఖర్చుపెట్టడమే. అప్పుడు పూత మొదలవగానే కోసి అక్కడే పరచాలి. పరిచిన రొట్ట కింద నేల చల్లగా ఉంటుంది, ఆవిరి తగ్గుతుంది. మామూలు ఏడైనా సగం పూత వచ్చేసరికి కోయండి. గింజ పడితే వచ్చే ఏడు అదే కలుపవుతుంది. పీకవద్దు, మొదలు దగ్గర కోయండి. వేరు లోపలే కుళ్లితే అది దిగిన దారి గొట్టంలా మిగిలి, నీటికీ గాలికీ వానపాముకూ తోవ అవుతుంది. దాని మీద మళ్లీ రోటావేటర్ తోలితే ఆ గొట్టాలన్నీ ఒక్క పూటలో చెడగొట్టుకున్నట్టే. ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

సరే, గ్లాసుల దగ్గరికి వద్దాం. ఎడమది చూడండి. పెళ్ల లేదు. జాలీలోంచి మొత్తం జారి అడుగున బురదలా పేరుకుంది, నీళ్లు టీ రంగులోకి మారాయి. కుడిదాని నుంచి నాలుగు రేణువులు రాలాయి, పెళ్ల పెళ్లలాగే ఉంది, నీళ్లలోంచి కింద బల్ల కనబడుతోంది. ఎడమది ఉత్తగా వదిలిన మడిలోది. వానకు మన పొలంలో జరిగేది సరిగ్గా ఇదే. రెండు మళ్లకూ ఒకే ఎరువు, ఒకే విత్తనం. తేడా సాళ్ల మధ్య ఉన్న ఆ వేళ్లది.

(ఒక రైతు సోదరి: "మొదటిసారి ఎంత మేర వేయమంటారు?")

పది సాళ్లు వేయండమ్మా, చాలు. పక్కన పది సాళ్లు మామూలుగా వదలండి. పక్కన పోల్చుకోవడానికి లేకపోతే ఏది దేనివల్లో తెలియదు. కోత అయ్యాక ఆరంగుళాల వ్యాసం ఉన్న ఇనుప గొట్టం ముక్క ఒకటి రెండు చోట్లా మూడంగుళాలు దిగగొట్టండి. లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి దాని మీద సుమారు 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కాగితం మెల్లగా లాగేయండి. అంటే అంగుళం వాన పడ్డట్టు. ఎన్ని నిమిషాల్లో ఇంకిందో రాసుకోండి. మొదటి అంగుళం ఎండిన నేల ఎలాగూ తాగుతుంది, కాబట్టి వెంటనే రెండోసారి పోసి చూడండి, ఆ అంకెనే నమ్మండి. మొదటి ఏడు పెద్ద తేడా రాకపోవచ్చు. నా మడిలో నాకు కంటికి కనబడేంత తేడా వచ్చింది రెండో కోత తర్వాతే. ఆ చిన్న నోట్‌బుక్ ఇక్కడే ఉంది, చూడాలనుకున్న వాళ్లు చూడొచ్చు.

గొట్టం, సుత్తి, పార బండిలో పెట్టుకొచ్చాను. వెనక మడిలో అలసందకు ఇవాళ్టికి నలభై రోజులు. పదండి, ఎండెక్కకముందే రెండు మొక్కలు ఎత్తి బుడిపెలు చీల్చి చూద్దాం. బకెట్‌తో నీళ్లు ఎవరైనా పట్టుకురండి.